బూజుపట్టిన అంజూరపళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను కమ్యుటేషన్ లెక్కల గురించో మోకాళ్ళ నొప్పుల గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఆ రెండు విషయాల్లోనూ నాకంటే అనుభవజ్ఞులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత సర్వీసులో చేరిన కొత్తలో నాకు అంటుకొని, పెన్షన్ పుచ్చుకుంటున్న ఈ రోజుకీ వదలని ఒక పిచ్చి గురించి, దాని వెనుక ఉన్న చరిత్ర గురించి రాస్తున్నాను. అది జాజ్ సంగీతం. పేరు చూసి పేజీ తిప్పేయవద్దని మనవి. ఇందులో ఒక సమ్మె ఉంది. పుట్టిన తేదీ తప్పు చెప్పిన ఒక ముసలి వాద్యగాడు ఉన్నాడు. చివర మన పాలకొల్లు కుర్రవాడు కూడా ఉన్నాడు.

1964లో ఖరగ్‌పూర్‌లో రైల్వే అకౌంట్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అక్కడ తెలుగువారికి లోటు లేదు. ఆవకాయకీ, భజనలకీ, సంక్రాంతి ముగ్గులకీ వెతుక్కోనక్కరలేదు. కాని నా గదికి ఆనుకొని ఉన్న క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ మెయిలు డ్రైవరుగారు ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గర పడినవారు. సాయంత్రం డ్యూటీ దిగి స్నానం చేసి, కీ ఇచ్చే గ్రామఫోను వరండాలో పెట్టుకొని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు వేసేవారు. యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లో టెడ్డీ వెదర్‌ఫర్డ్ పియానో విన్నానని గర్వంగా చెప్పుకొనేవారు. ఈ వెదర్‌ఫర్డ్ సామాన్యుడు కాదు. 1920లలో చికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఒకే బృందంలో వాయించి, తర్వాత షాంఘై, బొంబాయి మీదుగా కలకత్తా చేరి, 1945లో అక్కడే కలరాతో పోయాడు.

నా దగ్గర ఒక రేడియో ఉండేది. రాత్రి పొద్దుపోయాక షార్ట్ వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పెడితే విల్లిస్ కానోవర్ అనే ఆయన జాజ్ వినిపించేవారు. ఒక్కొక్క మాటా విడదీసి, మనబోటి వాళ్ళకు అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడేవారు. కార్యక్రమం మొదట డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించే రైలు పాట వచ్చేది. ఆ పాట అయ్యేదాకా డ్రైవరుగారు నా గది గుమ్మంలో నిలబడి తల ఊపేవారు. తర్వాత కానోవర్ గారు చార్లీ పార్కర్‌నో, డిజ్జీ గిలెస్పీనో పెట్టారంటే, "పట్టాలు తప్పిన ఇంజను చక్రాల్లాగా ఉంది, ఆపు బాబూ" అనేవారు. నేను ఆపేవాణ్ణి కాదు. ఒకరోజు మాటామాటా పెరిగి, "మీ సంగీతం మ్యూజియంలో పెట్టవలసింది" అనేశాను. మూడు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. మా జగడం మా ఇద్దరి సొంతమనే అప్పట్లో అనుకున్నాను. అమెరికాలో, ఇంగ్లండులో, ఫ్రాన్సులో వేలమంది అదే జగడం ఇరవై ఏళ్ళ ముందునుంచీ ఆడుతున్నారని తర్వాత చదివి తెలుసుకున్నాను.

జాజ్ అమెరికాలో దక్షిణాన న్యూ ఆర్లియన్స్ అనే ఓడరేవులో నల్లజాతివారి మధ్య పుట్టింది. శవయాత్రలకీ, ఊరేగింపులకీ, నాట్యశాలలకీ అవే మేళాలు. మన సన్నాయి మేళం పెళ్ళికీ, దేవుడి ఊరేగింపుకీ ఒకటే అయినట్టు. కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ మూడూ ఒకేసారి ఎవరి కల్పన వారు అల్లుకుంటూ పోతాయి. వెనుక బాంజో, ట్యూబా, డోళ్ళు నడక చూస్తాయి. మన కచేరీలో మనోధర్మం ఎలాంటిదో అక్కడ అప్పటికప్పుడు అల్లడం అలాంటిది. కాకపోతే మనకు ఒకరి తర్వాత ఒకరు, వారికి ముగ్గురూ కలిసి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ సంప్రదాయానికి ఆద్యుడని అందరూ చెప్పే బడ్డీ బోల్డెన్ 1907లో మతి చెడి ఆసుపత్రి పాలయ్యాడు. అతని వాద్యం ఒక్క రికార్డులోనూ మిగల్లేదు. జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917లో వచ్చింది. వాయించినవారు తెల్లవారు. అంటే అసలు సంప్రదాయం ఏమిటని తగువులాడుకున్న అభిమానులలో అత్యధికులు దాని మొదటి రూపాన్ని చెవులారా వినలేదు. త్యాగరాజస్వామివారు స్వయంగా ఎలా పాడేవారో విన్నట్టుగా వాదించేవారిని మనమూ చూశాం గదా.

1930లు వచ్చేసరికి జాజ్ అంటే పదిహేనుమంది సూట్లు వేసుకొని కాగితం చూసి వాయించే పెద్ద బృందాల నాట్యసంగీతం అయింది. ట్యూబా పోయి నిలువెత్తు బాస్ వచ్చింది, బాంజో పోయి గిటారు వచ్చింది. ఇది కొందరు రికార్డు సేకర్తలకు నచ్చలేదు. పాత న్యూ ఆర్లియన్స్ సంగీతమే అసలైనదనీ, తక్కినది వ్యాపారమనీ వారి నమ్మకం. అలాంటివారు కొందరు 1939లో 'జాజ్‌మెన్' అనే పుస్తకం తెచ్చారు. ఆ పని మీద పాతవారి ఆచూకీ తీస్తుండగా బంక్ జాన్సన్ అనే ట్రంపెట్ వాద్యగాడి పేరు వచ్చింది. ఎక్కడున్నాడో తెలియదు. లూసియానాలో న్యూ ఐబీరియా అనే ఊరి పోస్టుమాస్టరు ద్వారా ఉత్తరం రాస్తే చేరింది. తపాలా శాఖలో పనిచేసిన మన మిత్రులు ఈ వాక్యం మరోసారి చదువుకోవచ్చు.

బంక్ జాన్సన్ అప్పటికి చెరకు తోటలు, వరిపొలాల మధ్య కూలిపని చేసుకొని బతుకుతున్నాడు. 1931లో ఒక నాట్యశాలలో జరిగిన కొట్లాట తర్వాత ట్రంపెట్ లేదు, పళ్ళు పోయి ఊదే దారీ లేదు. పళ్ళూ, ట్రంపెట్టూ ఉంటే ఇప్పటికీ వాయించగలనని ఆయన జవాబు రాశాడు. అభిమానులు చందాలు వేసుకొని వాద్యం కొన్నారు. సిడ్నీ బెషే అనే మహా వాద్యగాడి అన్నగారు దంతవైద్యుడు, ఆయన కట్టుడుపళ్ళు అమర్చాడు. 1942లో బంక్ మొదటిసారిగా రికార్డు చేశాడు. తాను 1879లో పుట్టాననీ, బోల్డెన్‌తో కలిసి వాయించాననీ చెప్పుకున్నాడు. పరిశోధకులు చాలామంది పదేళ్ళు ఎక్కువ చెప్పాడని తర్వాత అభిప్రాయపడ్డారు. మన ఆఫీసుల్లో సర్వీసు రిజిస్టరులో వయసు తగ్గించి రాయించుకున్నవారిని చూశాం కాని, పెంచి చెప్పినవాణ్ణి నేను ఇతన్నే చూశాను. పాతవాడైతేనే విలువ అని ఆయన గ్రహించాడు. పాపం, ఆ వయసులో వచ్చిన ఆ అవకాశాన్ని ఎవరు మాత్రం వదులుకుంటారు?

ఇదే కాలంలో న్యూయార్క్‌లో హార్లెం పేటలో మింటన్స్ అనే చోట కొందరు యువకులు రాత్రి నౌకరీ ముగించుకొని వచ్చి తమ కోసం తాము వాయించుకొనేవారు. డిజ్జీ గిలెస్పీ, థెలోనియస్ మంక్, తర్వాత చార్లీ పార్కర్. డోళ్ళ దగ్గర కెన్నీ క్లార్క్ పెద్ద మార్పు తెచ్చాడు. అంతవరకు కాలితో పెద్ద డోలు మీద చూసే కాలప్రమాణాన్ని పైనున్న తాళపు పళ్ళెం మీదకు మార్చి, డోలును అనుకోని చోట దెబ్బలకు వదిలాడు. పాత పాటల స్వరమేళనం అస్థిపంజరంలాగా ఉంచి, పైన కొత్త వరస, మెరుపు వేగంతో. దీనికే బీబాప్ అని పేరు వచ్చింది.

సమ్మె గురించి చెబుతానన్నాను. రికార్డులూ, రేడియో వచ్చి వాద్యగాళ్ళ పొట్ట కొడుతున్నాయని అమెరికా సంగీతకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగు మానేసింది. అమ్మిన ప్రతి రికార్డు మీద కొంత సొమ్ము పని లేని సభ్యుల నిధికి జమ చేయాలన్నది కోరిక. చిన్న కంపెనీలు ముందుగా లొంగినా, రెండు పెద్ద కంపెనీలు 1944 నవంబరు దాకా మొండికేశాయి. చివరకు సంఘమే గెలిచింది. దానికి తోడు రికార్డులు పోత పోయడానికి కావలసిన లక్క యుద్ధం వల్ల కరువైంది. ఆ లక్క ముఖ్యంగా మన దేశం నుంచే, ఛోటానాగ్‌పూర్ వంటి అడవుల నుంచే వెళ్ళేది. ఇందువల్ల జరిగిందేమంటే, బీబాప్ మెట్టు మెట్టుగా ఎదిగిన ఆ రెండేళ్ళూ రికార్డుల్లో దాదాపు లేవు. రికార్డులు కొని వినే అభిమానికి 1942లో ఆగిన సంగీతం 1945లో గుర్తుపట్టలేని మొహంతో తిరిగి వచ్చింది. వంతెన కనిపించనివాడికి అవతలి ఒడ్డు పరాయి దేశంలాగానే ఉంటుంది. డ్రైవరుగారి చిరాకుకు ఇందులో కొంత కారణం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

1945 శరదృతువులో ఒక చిత్రం జరిగింది. సెప్టెంబరు నుంచి న్యూయార్క్‌లో స్టైవెసంట్ కాసినోలో బంక్ జాన్సన్ తన న్యూ ఆర్లియన్స్ మేళంతో వాయిస్తున్నాడు. జనం విరగబడ్డారు. అదే ఊళ్ళో నవంబరు 26న చార్లీ పార్కర్ 'కోకో' రికార్డు చేశాడు. అత్యంత పాతదీ, అత్యంత కొత్తదీ ఒకే ఊళ్ళో ఒకేసారి. ఇక జగడానికి ఏం లోటు?

పత్రికల్లో తిట్లు మొదలయ్యాయి. కొత్త పక్షం పాత పక్షాన్ని 'బూజుపట్టిన అంజూరపళ్ళు' అంది. ఆ మాట అలాగే స్థిరపడిపోయింది. గిలెస్పీకి ఒకప్పుడు యజమాని అయిన క్యాబ్ కాలొవే అంతకుముందే అతని వాద్యాన్ని చైనా సంగీతమని విసుక్కున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ వంటి మహానుభావుడు కూడా బీబాప్‌ను ఎగతాళి చేశాడు. 1947 సెప్టెంబరులో ఏకంగా రేడియోలో పోటీ పెట్టారు. రూడీ బ్లెష్ అనే విమర్శకుడి పాత మేళం ఒక పక్క, బ్యారీ యులనోవ్ అనే విమర్శకుడు కూర్చిన పార్కర్, గిలెస్పీల బృందం మరో పక్క. శ్రోతలు ఓట్లు వేసి కొత్తవారిని గెలిపించారు. ఫ్రాన్సులో ఇదే తగువు మీద హాట్ క్లబ్ అనే సంఘం రెండుగా చీలింది. దాన్ని పెంచి పోషించిన పనస్సియే, డెలోనే అనే మిత్రులిద్దరూ చెరో దారి పట్టారు. ఒకరికి బీబాప్ జాజే కాదు, రెండోవారికి అదే జాజ్ భవిష్యత్తు. సంఘాలు చీలడానికి ఎంత చిన్న కారణం చాలో మనకు తెలియనిది కాదు.

రెండు పక్షాల విమర్శకులూ చాలావరకు తెల్లవారే. వాయించేవారు నల్లవారు. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది. పాతదే స్వచ్ఛమైనదని అనేవారి మాటలో, నల్లవాడు చదువూ నోటేషనూ లేకుండా సహజంగా వాయించాలనే కోరిక దాగి ఉండేది. బీబాప్ యువకులు, మేము ఎవరినీ నవ్వించడానికి రాలేదు, మేము కళాకారులం అన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిరుమాలూ, చెవిదాకా సాగే నవ్వూ వారికి దాస్యంలాగా కనిపించాయి. వారు తొందరపడ్డారని నా అభిప్రాయం. 1957లో లిటిల్ రాక్ బడిలో నల్లపిల్లలను అడ్డుకున్నప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ దేశాధ్యక్షుణ్ణే దుయ్యబట్టి, ప్రభుత్వం తరఫున వెళ్ళవలసిన సోవియట్ యాత్ర మానుకున్నాడు. గిలెస్పీ తర్వాత తన ఆత్మకథలో ఆ నవ్వును తాను పొరపాటుగా అర్థం చేసుకున్నానని ఒప్పుకున్నాడు. 1959 జనవరిలో ఇద్దరూ టెలివిజన్‌లో పక్కపక్కన నిలబడి ఒక పాట హాస్యంగా వాయించారు. ఇద్దరి ఇళ్ళూ న్యూయార్క్‌లో ఒకే పేటలో ఉండేవి. అభిమానులు ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు.

బంక్ సంగతి మధ్యలో వదిలాను. ఆయన్ని బయటకు తెచ్చినవారికి ఆయన 1910 దగ్గర ఆగి ఉండాలి. ఆయనకేమో అప్పుడు రేడియోలో వచ్చే సినిమా పాటలు, నాట్యం పాటలు వాయించాలని సరదా. కాగితం చూసి వాయించగల చదువుకున్న వాద్యగాళ్ళు కావాలని పట్టుబట్టేవాడు. వారు ఏరికోరి ఇచ్చిన న్యూ ఆర్లియన్స్ సహచరులను ఆయనే విసుక్కున్నాడు. 1947 డిసెంబరులో ఒక అభిమాని పూనుకొని, ఎవరితో ఏమి వాయిస్తారో మీ ఇష్టమని న్యూయార్క్‌లో రికార్డు చేయించాడు. బంక్ తనకు నచ్చిన మనుషులను పెట్టుకొని పాత ర్యాగ్‌లతో పాటు ఆనాటి జనం పాటలు వాయించాడు. 1949 జూలైలో చనిపోయాడు. ఆ రికార్డులు తర్వాతే బయటికి వచ్చాయి. నేను వాటిని ఎంతో కాలానికి విన్నాను. గొప్ప వేగం లేదు, అక్కడక్కడ ఊపిరి సరిపోలేదు. కాని ఎవరి అనుమతీ అడగని మనిషి వాయించినట్టుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ రికార్డే.

ఇంగ్లండులో జగడం మరీ వింతగా సాగింది. అక్కడ పాత పక్షం వారికి శాక్సఫోనే అపచారం. దాన్ని 1840లలో అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం వాడు కనిపెట్టాడు. న్యూ ఆర్లియన్స్ తొలి మేళాల్లో దానికి పెద్ద పీట లేదు గనుక అది సంప్రదాయం కాదని వాదన. 1953లో హంఫ్రీ లిటిల్టన్ అనే ట్రంపెట్ వాద్యగాడు తన బృందంలో బ్రూస్ టర్నర్ అనే శాక్సఫోన్ వాద్యగాణ్ణి చేర్చుకుంటే, బర్మింగ్‌హామ్ టౌన్ హాల్లో అభిమానులు "మురికి బాపరూ, ఇంటికి పో" అని గుడ్డ మీద రాసి ఎత్తి పట్టుకున్నారు. 1960లో బ్యూలీ అనే చోట జరిగిన ఉత్సవంలో పాత, కొత్త పక్షాల కుర్రాళ్ళు వేదిక ఎక్కి కొట్టుకుంటే, టెలివిజన్ ప్రసారం మధ్యలో ఆపవలసి వచ్చింది.

మనం నవ్వుకోనక్కరలేదు. మన ఆకాశవాణిలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియం మీద నిషేధం ఉంది. పద్యనాటకం హార్మోనియం లేకుండా ఊహించలేని ఆంధ్రదేశంలో ఆ ముప్పై ఏళ్ళూ అది రేడియోకు అంటరానిదే. గమకం పలకదన్నది కారణం, అందులో నిజం లేకపోలేదు. పరాయి వాయిద్యమన్నది మాత్రం అంత బలమైన వాదన కాదు. వయొలిన్ కూడా పరాయి దేశం నుంచే వచ్చింది. దాన్ని బాలుస్వామి దీక్షితులు నేర్చారు, మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగే మాట్లాడింది.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1959 నవంబరులో ఆర్నెట్ కోల్‌మన్ తెల్ల ప్లాస్టిక్ శాక్సఫోనుతో న్యూయార్క్ వచ్చేసరికి, ఒకప్పుడు విప్లవకారులైన బీబాప్ వారిలోనే కొందరు ఇది సంగీతమా అన్నారు. డబ్బు చాలక ప్లాస్టిక్‌ది కొనుక్కున్నాడు పాపం. పదేళ్ళకు, 1969లో, పార్కర్ పక్కన కుర్రవాడిగా వాయించిన మైల్స్ డేవిస్ కరెంటు పియానోలూ, కరెంటు గిటారూ పెట్టుకొని రికార్డులు చేస్తే, బీబాప్ అభిమానులు ద్రోహం అన్నారు. నేనూ అన్నాను. అంటే ఐదేళ్ళు తిరిగేసరికి నేనే బూజుపట్టిన పండునయ్యాను.

ఆ రికార్డుల్లో గిటారు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషాయన తర్వాత మన సంగీతం వైపు వచ్చి, ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో 'శక్తి' అనే బృందం కట్టాడు. 1990ల చివర ఆ బృందాన్ని తిరిగి నిలబెట్టాక అందులో వయొలిన్ చోట కూర్చున్నది మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్ శ్రీనివాస్ అంటే తెలియనిదెవరికి? గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు తీగ మీద వెతికి పట్టుకున్నాడు. జంట తీగల మామూలు మాండొలిన్ మీద గమకం నిలవదని, ఐదు ఒంటి తీగల కరెంటు మాండొలిన్ వాడాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో అతనికి అరగంట ఇస్తే, జనం వదలక మరో గంట వాయించవలసి వచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్ళు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే, మనల్ని విడిచిపోయాడు.

1980లలో నేను విశాఖపట్నం బదిలీ అయ్యాక ఒక కచేరీలో అతన్ని విన్నాను. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన వర్ణం కాగానే, "కరెంటు పోతే కచేరీ పోయినట్టే గదండీ" అంటూ లేచి వెళ్ళిపోయారు. ఆ గొంతు నాకు ఖరగ్‌పూర్ వరండాను గుర్తుకు తెచ్చింది.

డ్రైవరుగారు 1968లోనే కూతురి దగ్గరికి ఆస్ట్రేలియాలో పెర్త్ వెళ్ళిపోయారు. వెళ్ళే ముందురోజు రాత్రి వచ్చి, ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' రికార్డు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. "మ్యూజియంలో పెట్టుకో బాబూ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, నేను తల ఎత్తలేకపోయాను. ఉత్తరాలు మాత్రం నడిచాయి. కచేరీ విన్న వారంలోనే శ్రీనివాస్ క్యాసెట్ ఒకటి కొని, ఆయనకు పార్సెలు చేశాను. ఎనభై దాటిన మనిషి, వింటారో లేదో అనుకున్నాను. రెండు నెలలకు వణుకుతున్న అక్షరాలతో జవాబు వచ్చింది. క్యాసెట్ రెండు పక్కలా నాలుగుసార్లు విన్నారట. కుర్రవాడు అసాధ్యుడన్నారు. చివర ఒక్క ముక్క చేర్చారు: బాంజో మీద అయితే ఇంకా బాగుండేదట.